సూది, సూది, మొండి

ముప్పై ఒక్క ఏళ్లు మనుషుల్ని సూదితో గుచ్చి బతికాను. చెప్పుకోడానికి ఏమంత గొప్ప ఉద్యోగం కాదు. పెళ్లిళ్లలో ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ" అని నన్నడిగితే, మా ఆయన ముందే అందుకుని "గుచ్చుతుంటుంది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు ఆయన ఆ మాట అనడం మానేశాడు.

పని చూడ్డానికి చిన్నదే. వెన్ను దెబ్బతిన్న మనిషిని బల్ల మీద పడుకోబెట్టి కళ్లు మూసుకోమంటాను. గుండుసూది మొనతో ఒకసారి, దాని గుండుతో ఒకసారి ఒంటిమీద తాకించి ఏది తగిలిందో చెప్పమంటాను. మొన అయితే "సూది" అనాలి. గుండు అయితే "మొండి" అనాలి. తర్వాత దూది. ఆ తర్వాత రెండు గాజు గొట్టాలు, ఒకదాంట్లో వేడినీళ్లు, ఇంకోదాంట్లో ఐసునీళ్లు. తాకిడి తెలిసే దారి వెన్నుపాములో వెనకవైపు ఉంటుంది. నొప్పి, వేడి, చల్లదనం తెలిసే దారి వేరు, అది ముందువైపు నుంచి పోతుంది. మనిషి బొమ్మ మీద నేను గీసిన గీతలు చూసి, ఏ దారి తెగిందో డాక్టర్లు చెప్పేస్తారు.

నాకు పని నేర్పిన పెద్దాయన ఒకటే మాట పదేపదే చెప్పేవాడు. "వకుళా, సూదీ మొండీ కలగాపులగంగా వెయ్యి. వరుస పెట్టావంటే పేషెంటు నీకన్నా తెలివైనవాడైపోతాడు." మొదటి పదేళ్లు అలాగే చేశాను. తర్వాత చెయ్యే ఒక వరుసకు అలవాటు పడింది. సూది, సూది, మొండి, సూది, మొండి, మొండి. గొట్టాలకైతే వేడి, చల్లన, చల్లన, వేడి. అది వరుస అన్న సంగతే నేను మరిచిపోయాను. ఇంట్లో తాళం వేసి మూడుసార్లు లాగిచూస్తాను చూడండి, అలాగన్నమాట. మా ఆయన వేళాకోళం చేసేదాకా అదీ నాకు తెలీదు.

మా పరిశోధనశాల హన్మకొండ ఊరి చివర ఉంది. నేను రిటైరవడానికి ముందటి ఏడు, ఎండాకాలం చివర్లో సాంబయ్యను చక్రాల కుర్చీలో తోసుకుంటూ వాళ్లావిడ సరూప తీసుకొచ్చింది. పంజాల సాంబయ్య, ముప్పై ఆరేళ్లు, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక పల్లెలో తాళ్లెక్కి కల్లు గీసేవాడు. మూడేళ్ల కిందట వాన పడ్డ మర్నాడు చెట్టు మీద నడుముకున్న మోకు జారింది. ఛాతీ దగ్గర వెన్ను విరిగింది. అప్పట్నుంచి రొమ్ము కింద ఏమీ తెలియదు, ఏమీ కదలదు. చేతులు మాత్రం ఇనుప కమ్మీల్లా ఉండేవి.

"ఎంత ఎత్తునుంచి పడ్డావయ్యా?" అన్నాను బొమ్మ కాగితం తీస్తూ.

"పడలె మేడం. చెట్టు దించింది."

"దించడమేమిటి?"

"ఇరవై ఏండ్లు ఎక్కనిచ్చిన చెట్టు. పడేసిందంటె దానికి మాటొస్తది. దించింది."

ఆ జవాబుకే నాకు వాడంటే ముచ్చటేసింది. అప్పటికి నాకు యాభై ఏడేళ్లు. పిల్లల్లేరు.

మా శాల పెద్ద డాక్టర్ నిఖత్ సుల్తానా. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. నన్ను "వకుళక్కా" అంటుంది. ఆమె కనిపెట్టిన దాన్ని మేమంతా దారం అనేవాళ్లం. ముక్కులో బాగా పైన, వాసన పట్టే చోట, నరాలు జీవితమంతా కొత్తగా పుడుతూనే ఉంటాయట. అక్కడి కణాలు కాసిని గిల్లి, గాజు పళ్లెంలో పెంచి, సన్నటి పోగులా అల్లింది. వెన్నుపాము తెగిన చోట ఆ పోగును అటూ ఇటూ అంటిస్తే, పైనుంచి వచ్చే నరాలు దాన్ని పట్టుకుని పాకుతూ కిందికి దిగుతాయి. కిందివి పైకి వస్తాయి. ఎలుకల్లో అయింది, మేకల్లో అయింది. మనిషిలో ఇదే మొదలు.

సాంబయ్య అంతా విన్నాడు. "అంటె నేను ముక్కుతోని నడువాల్నా డాక్టరమ్మా?" అన్నాడు.

నిఖత్ పగలబడి నవ్వింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పింది. "సాంబయ్య గారూ, ఒక్క షరతు. మీ చేతుల్లో గానీ, ఊపిరిలో గానీ, ఏ కొంచెం తేడా వచ్చినా ఆ రోజే మాకు చెప్పాలి. దారం తీసేస్తాం. తొందరగా తీస్తే చేతులకు ఏం కాదు. ఆలస్యమైతే ఇక నా చేతిలో ఉండదు."

"చెట్టెక్కించి నిచ్చెన తీస్తరన్నట్టు."

"అలా అనుకోండి."

"మేం నిచ్చెన లేకుంటనే ఎక్కేటోళ్లం" అని వేలిముద్ర వద్దని, పెన్ను అడిగి పట్టుకుని సంతకం పెట్టాడు. ఒత్తి రాశాడు, కాగితం వెనకదాకా దిగింది.

ఆపరేషన్ మృగశిర కార్తెలో జరిగింది. ప్రతి గురువారం నేను పరీక్ష చెయ్యాలి. కాళ్లతో పాటు చేతులూ చూడాలని నిఖత్ రాసిపెట్టింది, షరతు అదే కాబట్టి. చేతుల దగ్గర నాకు పని తొందరగా అయిపోయేది. అన్నీ సరిగ్గా చెప్పేవాడు. "చేతులు: సవ్యం" అని రాసి సంతకం పెట్టి కాళ్ల మీద పడేదాన్ని. నా ప్రాణమంతా ఆ కాళ్ల మీదే ఉండేది.

పదకొండో గురువారం కుడికాలి బొటనవేలు కదిలింది. నేను ముందు నమ్మలేదు. బల్ల ఊగిందేమోనని బల్లను పట్టుకుని మళ్లీ కదపమన్నాను. కదిపాడు. ఇంకో నెలకు పాదం మీద వేడినీళ్ల గొట్టం పెడితే "కాలుతంది! మేడం, కాలుతంది!" అని అరిచాడు. సరూప వరండాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆ అరుపుకి చాట పారేసి లోపలికి వచ్చింది. ఆకు, తంబాకు గదంతా చిందాయి. మొగుడి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, "నేను పట్టుకున్నది తెలుస్తందా, తెలుస్తందా" అని ఏడుస్తూ అడుగుతూనే ఉంది. నేనూ ఏడ్చాను. నిఖత్ మాత్రం కిటికీ వైపు తిరిగి నిలబడింది.

దసరాకు రెండు కమ్మీల మధ్య నాలుగు అడుగులు వేశాడు. దీపావళికి వాకర్ పట్టుకుని వరండా అంతా. పేపరు వాళ్లు వస్తామంటే నిఖత్ ఒప్పుకోలేదు. ఏడాది గడవనీ అంది. నేను మాత్రం మా వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రిటైరయ్యే ముందు ఇలాంటిది చూసే రాత నాకుందని మా ఆయనతో అంటే, "గుచ్చీ గుచ్చీ మనిషిని లేపావు" అన్నాడు.

డిసెంబరులో ఒక గురువారం. నేను బస్సు దిగి గేటు దగ్గరికి వస్తున్నాను. పక్కన టీ బండి దగ్గర సాంబయ్య వాకర్‌కు ఆనుకుని నిలబడి బీడీ తాగుతున్నాడు. టీ బండి ఆయనకు తాటి ముంజల గురించి ఏదో చెబుతున్నాడు, మంచి ఊపులో ఉన్నాడు. నన్ను చూసి "రాండ్రి మేడం, చాయ్ తాగుదురు" అన్నాడు. నాకు ముందు వాసన తగిలింది. పొగాకు వాసన కాదు. కోడిని కాల్చేటప్పుడు వస్తుందే, అది.

బీడీ కాలిపోయి ఎప్పుడో వేళ్ల దాకా వచ్చేసింది. చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య తోలు నల్లగా మాడుతోంది. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు.

నేను ఎగిరి ఆ చేతి మీద ఒక్కటి కొట్టాను. బీడీ కింద పడింది. సాంబయ్య కిందికి చూశాడు, వేళ్ల వంక చూశాడు, నా మొహం చూశాడు. అప్పుడు "అబ్బా" అన్నాడు.

ఆ "అబ్బా" ఆలస్యంగా వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు మనుషుల నొప్పి వింటున్నదాన్ని, నాకు తెలియదా! లోపలికి తీసుకెళ్లి బల్ల మీద పడుకోబెట్టాను. కళ్లు మూసుకోమన్నాను. అరచేతి మీద మొదలుపెట్టాను, కానీ ఈసారి మొండి, మొండి, మొండి, మొండి, సూది.

"సూది" అన్నాడు సాంబయ్య. "సూది. మొండి. సూది. మొండి."

మొన వాడి చేతిలోకి దిగి నెత్తురు బొట్టు వచ్చింది. వాడు మొండి అంటున్నాడు. ఐసు గొట్టం రెండుసార్లు పెట్టాను. తర్వాత వేడిది. మళ్లీ ఐసు గొట్టమే తిప్పి పెట్టాను. "వేడి. సల్ల. సల్ల. వేడి." ఒక్కటి తప్పకుండా నా వరుస నాకే అప్పజెబుతున్నాడు. దూదితో తాకితే మాత్రం ప్రతిసారీ "తాకింది" అన్నాడు. అది నిజం. తాకిడి దారి ఉంది. నొప్పి దారి పోయింది.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

వాడు కళ్లు తెరవలేదు. "దసరా కాన్నుంచి."

"రెండున్నర నెలలు! నీకు బుద్ధుందా? ఎలా చెప్పావు అన్నీ?"

"నేను పొద్దుగాల పాతిక చెట్లెక్కేటోన్ని మేడం. చీకట్ల, మంచుల. ఏ చెట్టెనక ఏ చెట్టో కండ్లు మూసుకొని చెప్త. మీది ఆరే చెట్లు. పోతుతాడు, పోతుతాడు, పండుతాడు, పోతుతాడు, పండుతాడు, పండుతాడు. సూదంటె పోతుతాడు. మొండంటె పండుతాడు. అట్ల యాదికి పెట్టుకున్న."

మగ చెట్టు, ఆడ చెట్టు. నా ఆరింటినీ వాడు తన తోటలో నాటుకున్నాడు. అరిచాననుకుంటా, నిఖత్ పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతులకు నొప్పీ వేడీ తెలియడం లేదని చెప్పాను. ఎన్నాళ్లనుంచో చెప్పాను. దాచిపెట్టాడని చెప్పాను. వరుస గురించి చెప్పలేదు. తర్వాత చెబుదామనుకున్నాను.

సాయంత్రానికి స్కాన్ బొమ్మలు వచ్చాయి. నిఖత్ సరూపను పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద గీసి చూపించింది. వెన్నుపాము ముందువైపు నెత్తురు పారే కాలువ ఒక్కటే. మెడ దగ్గర పుట్టి కిందికి పోతుంది. దారిలో అక్కడక్కడ చిన్న వాగులు వచ్చి కలుస్తాయి. ఛాతీ దగ్గర అవి మరీ తక్కువ. దారం పెట్టింది అక్కడే.

"దారం బతకాలంటే దానికీ నెత్తురు కావాలి కదమ్మా. అది సొంతంగా నాళాలు మొలిపించుకుంది. మేం అనుకున్న దానికన్నా ఎక్కువ మొలిపించుకుంది. పైకి పాకి, మెడ దగ్గరి నెత్తురు లాగుతోంది."

సరూప కాసేపు గీతల వంక చూసింది. "కాల్వకు ఎవడో పెద్ద మోటరు పెట్టి గుంజుతుంటె, పక్క మళ్లు ఎండినట్టు."

"అంతే. మెడ దగ్గర వెన్నుపాము నడిమధ్యలో చేతుల నొప్పీ వేడీ ఇటునుంచి అటు దాటుతాయి. ముందు ఎండేది ఆ నడిమే. కాళ్ల దారులు అంచుల్లో ఉన్నాయి, వాటికి దెబ్బ తగల్లేదు. ఇక వేళ్ల బలం పోతుంది. తర్వాత భుజాలు. ఇంకా పైకి పోతే..." నిఖత్ ఆగింది. "ఊపిరి ఆడించే నరం అక్కడే మొదలవుతుంది."

"కాళ్లు బాగైన కొద్ది చేతులు పోయినయంటవా అమ్మా?"

నిఖత్ తలూపింది. ప్రతి అడుగూ ఆ వేళ్ల దగ్గర తీసుకున్నదే. కమ్మీల మధ్య వాడు నడుస్తుంటే చప్పట్లు కొట్టినదాన్ని నేనే.

సరూప ఏడవలేదు. "నాకు తెలుసు" అంది. "మొన్న పొయ్యి మీది గిన్నె ఒట్టి చేతుల్తోని దించిండు. నేను సూసిన. ఎవలకు చెప్పకే అన్నడు. దారం తీస్తె మల్ల కుర్సీల కూసోవాలె, నీకు మంచిగుంటదా అన్నడు. నేను నోరు మూసుకున్న." అప్పుడు తల కొట్టుకుంది, ఒకటికి రెండుసార్లు గోడకేసి. నేను పట్టుకున్నాను.

మర్నాడే దారం తీసేయాలంది నిఖత్. సాంబయ్య ఒప్పుకోలేదు. ఆదివారం దాకా ఆగమన్నాడు. "ఒక్కపాలి మా కల్లు మండువకు నడిచిపోతనమ్మా. మూడేండ్లాయె మావోళ్లు నన్ను నిలవడంగ సూడక. నడిచిపోయి, ఒక్క రేక తాగి, వస్త. ఆడికెల్లి సీదా నీ బల్ల మీదికే." నిఖత్ కాదంది. వాడు చేతులు జోడించాడు. జోడించిన చేతుల్లో వేళ్లు ఒకదానికొకటి సరిగ్గా ఆనలేదు, వంకరగా ఉన్నాయి. అది చూసి కూడా ఆమె చివరికి సరే అంది. ఆ మూడు రోజులు ఇవ్వకుండా ఉండాల్సింది. ఆ మాట ఆమె ఇప్పటికీ అంటుంది. నేను పక్కన ఉండీ నోరెత్తలేదు.

ఆదివారం నేనూ వెళ్లాను. ఆటో రోడ్డు మీదే ఆగింది. మండువ అక్కడికి నలభై అడుగులు ఉంటుంది. పైన తాటాకు పందిరి, కింద ఊళ్లో కల్లు గీసే గౌండ్లు పదిహేను మంది, కల్లు కుండలు. అప్పటికే వాకర్ పిడి పట్టుకునే బలం వాడి వేళ్లలో లేదు. సరూప తువాలను రెండుగా చింపి, రెండు మణికట్లనూ పిడులకు కట్టేసింది. వాళ్ల పాప నవ్య, నాలుగో తరగతి, ముందు నడుస్తూ దారిలో రాళ్లు ఏరి పారేసింది.

నడిచాడు. నలభై అడుగులూ నడిచాడు. పందిరి కింద వాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎల్లాగౌడ్ అని డెబ్బై ఏళ్ల ముసలాయన, వాడికి చెట్టెక్కడం నేర్పినవాడట, "ఓరి సాంబిగా! ఓరి నా కొడుకా!" అంటూ ఎదురొచ్చాడు. కట్లు విప్పి పీట మీద కూర్చోబెట్టారు. తాటాకు మడిచి రేక చేశారు. దాన్ని రెండు చేతులతో నోటి దగ్గర పట్టుకుంటే, కుండ ఎత్తి పైనుంచి పోస్తారు. ముసలాయనే కుండ ఎత్తాడు.

సాంబయ్య రేకను అందుకున్నాడు. కల్లు పడగానే ఆ బరువుకి రేక చేతుల్లోంచి జారిపోయింది. కల్లంతా లుంగీ మీద. ఎవరో నవ్వారు, సంబరంలో చెయ్యి వణికిందనుకుని. రెండోసారి ఇచ్చారు. పట్టుకోడానికి వేళ్లు ముడుస్తున్నాడు, అవి ముడుచుకోవడం లేదు. మళ్లీ జారింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ముసలాయన కుండ కింద పెట్టి, వాడి అరచేతులు తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశాడు. బొటనవేలి కింద కండ ఉండాల్సిన చోట గుంట ఉంది. "గీతగాడి చేతులేమైనయిరా?" అన్నాడు. నవ్య వచ్చి రేకను తన చేతుల్తో పట్టుకుని నాన్నకు తాగించింది. వాడు రెండు గుక్కలు తాగి తల తిప్పేసుకున్నాడు.

అక్కడినుంచి సీదా బల్ల మీదికే తీసుకెళ్లాం. మాట తప్పలేదు.

దారం తీసేశారు. అది పెంచుకున్న నాళాలన్నీ ఒక్కొక్కటీ మూశారు. తొమ్మిది గంటలు పట్టింది. మెడకు నెత్తురు తిరిగి వచ్చింది. ఊపిరి దక్కింది. కాళ్లు ఆ రోజే పోయాయి, అది అనుకున్నదే. చేతులు వస్తాయని ఎదురుచూశాం. ఒక నెల, రెండు నెలలు. ఎండిపోయిన నడిమి మళ్లీ పచ్చబడలేదు. మోచేతులు కాస్త వంగుతాయి. వేళ్లు కదలవు. దసరాకు తీసి ఉంటే చేతులు పూర్తిగా దక్కేవని నిఖత్ తన నివేదికలో తానే రాసుకుంది. ఆ వాక్యం నేను చదివాను. మళ్లీ చదివాను.

ఫిబ్రవరిలో విచారణకు హైదరాబాదు నుంచి నలుగురు వచ్చారు. నా బొమ్మ కాగితాలు బల్ల మీద పరిచారు. పదకొండు వారాల "చేతులు: సవ్యం", కింద నా సంతకాలు. ఒకాయన అడిగాడు. "సూదీ మొండీ వరుస లేకుండానే వేశారా, పద్ధతి ప్రకారం?"

"వేశానండీ" అన్నాను.

ఎందుకన్నానో నన్నడక్కండి. ముప్పై ఒక్క ఏళ్లు చేసిన పని నాది. ఇంకో రెండు నెలల్లో దండేసి, శాలువా కప్పి, ఇంటికి పంపుతారు. నోరు ఆ పక్కకే తిరిగింది. పక్క గదిలో సాంబయ్యను కూడా అడిగారు. వాడేం చెప్పాడో నాకు తెలియలేదు. నివేదికలో చివరికి ఒక్క ముక్క రాశారు: పేషెంటు ఉద్దేశపూర్వకంగా లక్షణాలు దాచాడు, పరీక్షలో లోపం లేదు.

దండ వేశారు. శాలువా కప్పారు. ఆ శాలువా నేను ఇంతవరకు మడత విప్పలేదు. అన్నం సయించేది కాదు. తాళం వేసేటప్పుడు మూడోసారి లాగబోయి ఆగిపోయేదాన్ని. మా ఆయనకు ఒకరోజు అంతా చెప్పేశాను. "వెళ్లి చెప్పిరా" అన్నాడు. "నేనూ వస్తాను, ఆటోలో కూర్చుంటాను."

మే నెల ఎండలో వెళ్లాం. సరూప గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవలేదు. లోపల మంచం మీద సాంబయ్య. దిండుకు ఆనించి కూర్చోబెట్టారు. సన్నబడ్డాడు. చేతులు దుప్పటి మీద పెట్టి ఉన్నాయి, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు.

"మేడం! సరూపా, కుర్సీ ఎయ్యే" అన్నాడు.

కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. నేను వరుస పెట్టకూడదని, ఆ సంగతి నాకు ముందునుంచీ తెలుసని, చెయ్యి అలవాటుకు లొంగిపోయిందని, సరిగ్గా చేసి ఉంటే దసరాకే పట్టుకునేదాన్నని, విచారణలో అబద్ధం చెప్పానని.

సాంబయ్య నా వంక అదేపనిగా చూశాడు. అర్థంకానట్టు మొహం పెట్టాడు.

"అంటె... మీకు తెల్వదా?"

"ఏమిటి?"

"వరుస ఒకటే పెడుతున్నరని మీకు తెల్వదా మేడం? నేను... మీరు కావాల్నని పెడుతున్నరనుకున్న."

నేను మంచం పట్టె పట్టుకున్నాను.

"దసరాకు చేతులు మొద్దువారినప్పుడు భయమైంది. ఇయ్యాల దొరుకుత అనుకుంట వచ్చిన. మీరేమొ గదే వరుస. మల్ల వారం గదే. మేడంకు తెలిసిపోయింది, నా కాళ్లు పోవద్దని, నన్ను కాపాడుతున్నది అనుకున్న. డాక్టరమ్మకు తెల్వకుంట నాతోని ఉన్నది అనుకున్న." దుప్పటి మీది చేతుల వంక చూసుకున్నాడు. "గందుకే ఆ నలుగురు అడిగితె మీ ముచ్చట చెప్పలె. ఎట్ల చెప్పినవు అన్నీ అంటె, అందాజగ చెప్పిన అన్న. మీ నౌకరికి దెబ్బ వడ్తదని."

గుమ్మంలో బీడీ చుట్టే చప్పుడు ఆగిపోయింది. సరూప చాటతోనే లోపలికి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"గా ఒక్క మాట మీద ధైర్యం జేసుకొని ఉన్నం మేడం" అంది. "సూది మేడంకు తెలుసట, ఆమెకు తెల్వంది ఉంటదా, కానిస్తున్నదంటె ఏం కాదన్నట్టే అని. నేను గూడ గదే అనుకొని నోరు మూసుకున్న." చాట మీద మిగిలిన ఆకు దులిపింది. "ఇప్పుడు చెప్తె ఏమొస్తది? చేతులొస్తయా?"

వెళ్లిపోయింది. నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక దుప్పటి మీదున్న సాంబయ్య చెయ్యి పట్టుకున్నాను. ఎముకల మీద తోలు. వేళ్ల మధ్య బీడీ మచ్చ అలాగే ఉంది. వాడు కళ్లు మూసుకున్నాడు, బల్ల మీద పడుకున్నప్పుడు మూసుకునేవాడే, అలాగ.

"పట్టుకున్నది తెలుస్తంది" అన్నాడు. "గదొక్కటి మంచిగ తెలుస్తది. తిరిగి పట్టుకోను రాదు. మొన్న నవ్యకు జరమొచ్చింది. నా చేతుల చెయ్యి పెట్టి, నాయినా ఎంత కాలుతందో సూడు అన్నది. నాకేం తెలుస్తది?"

నేను ఏడుస్తున్నాను. వాడికి కనబడదు.

"మీ చెయ్యి ఎట్లున్నది మేడం? ఎచ్చగనేనా?"

నా చేతులు ఐసుగడ్డల్లా ఉన్నాయి.

"వెచ్చగానే ఉందయ్యా" అన్నాను.

"ఆఁ" అన్నాడు, నమ్మి.